అరువు ఓట్ల మీద నిలిచిన పార్టీ

1967లో 44 మంది ఎంపీలతో లోక్‌సభ ప్రతిపక్షాల్లో అన్నిటికన్నా పెద్దదిగా కూర్చున్న స్వతంత్ర పార్టీ, 1971 ఎన్నికల్లో 8 స్థానాలకు దిగజారింది. 1974లో మరో పార్టీలో కలిసిపోయింది. పుట్టింది మన మద్రాసులోనే, 1959 జూన్‌లో. దాని పతనానికి అందరూ చెప్పే కారణం ఒక్కటే: రాజులూ సేఠ్‌ల పార్టీ, పేద దేశంలో ఎన్నాళ్లు బతుకుతుంది? అందులో నిజం లేకపోలేదు. కాని ఆ లెక్కలో తెలుగు రైతు ఊసే ఉండదు.

పార్టీకి ప్రాణం పోసింది అసలు ఆ రైతు భయమే. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేసింది. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా దాన్ని ఎదిరించి కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు. ఎనభై ఏళ్ల రాజాజీ, బొంబాయి మేధావి మినూ మసానీ ఆయనతో చేతులు కలిపారు. లైసెన్స్-పర్మిట్ రాజ్ అన్న మాటను జనం నోట్లో పెట్టింది రాజాజీయే. నెల్లూరు నుంచి వచ్చిన ఖాసా సుబ్బారావు మద్రాసులో నడిపిన 'స్వరాజ్య' వారపత్రిక ఆయన వాదనకు వేదికైంది. అధ్యక్ష పీఠం మాత్రం రంగాకు దక్కింది.

ఆ భయం ఉత్తది కాదని తెలియాలంటే 1964 నాటి పదిహేడో రాజ్యాంగ సవరణను గుర్తు చేసుకోవాలి. భూసంస్కరణ చట్టాలకు కోర్టుల నుంచి రక్షణ కల్పించే అధికరణంలో 'ఎస్టేటు' అనే మాట ఉంది. ఎస్టేటంటే జమీందారుదని మనకు తెలుసు. ఈ సవరణతో రైత్వారీ భూమి కూడా ఎస్టేటే అయింది. అంటే తెనాలి దగ్గర నాలుగెకరాల మాగాణికి సర్కారు శిస్తు కట్టుకునే రైతు పట్టా, చట్టం కళ్లకు వెంకటగిరి రాజావారి సంస్థానం పక్కన చేరింది. పరిమితికి లోబడి సొంతంగా సాగు చేసుకునే భూమిని తీసుకుంటే మార్కెట్ ధర ఇవ్వాలన్న షరతు ఉందనుకోండి. అయినా రైతు గుండెదడ ఆగదు. 1930ల్లో వెంకటగిరి జమీందారీ రైతుల తరఫున పోరాడిన రంగాకు ఇదెంత మండించి ఉంటుందో ఊహించవచ్చు.

రైతులో ఆ భయం ఉండబట్టే ఆంధ్రప్రదేశ్ శాసనసభలో పార్టీ 1962లో 19 స్థానాలు, 1967లో 29 గెలిచింది. అందులో సర్దార్ గౌతు లచ్చన్న బలం ఎంతో ఉంది. ఉత్తరాంధ్ర కల్లుగీత కుటుంబాల ఇంటి మనిషి ఆయన. మద్య నిషేధానికి వ్యతిరేకంగా ఆయన సాగించిన పోరాటం ముదిరాక, ఆ సమస్య మీదే 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. అదే నిషేధాన్ని 1937లో సేలంలో తొలిసారి అమలు చేసిన మనిషి రాజాజీ! ఇద్దరూ ఒకే నక్షత్రం గుర్తు కింద ఓట్లడిగారు. ఇంతటి వైరుధ్యాన్ని ఇముడ్చుకోగలిగిన పార్టీని సేఠ్‌ల క్లబ్బు అనడం అన్యాయం.

మిగతాచోట్ల కథ వేరు. జైపూర్‌లో 1962లో పోలైన దాదాపు రెండున్నర లక్షల ఓట్లలో గాయత్రీదేవికి లక్షా 92 వేలకు పైగా పడ్డాయి. అవి మహారాణికి పడ్డ ఓట్లు, పార్టీకి కాదు. బీహార్‌లో రామ్‌గఢ్ రాజా తన బలగంతో వచ్చాడు, ఆ బలగంతోనే కాంగ్రెస్‌లోకి పోయాడు. ఒరిస్సాలో బలమంతా గణతంత్ర పరిషత్తు తెచ్చిపెట్టింది. మద్రాసు శాసనసభలో 1962లో 6 స్థానాలు, డి.ఎం.కె. పొత్తుతో 1967లో 20. ఆ పొత్తు చెడ్డాక 1971లో మళ్లీ 6. అప్పిచ్చినవాళ్లు అడిగితే అప్పు తీర్చాల్సిందే.

ఎన్నికల పద్ధతిని నిందించేవారూ ఉన్నారు. ఓట్ల దామాషాలో సీట్లిచ్చే పశ్చిమ జర్మనీలో ఫ్రీ డెమోక్రాట్లు 1969లో 5.8 శాతం ఓట్లతోనే విల్లీ బ్రాంట్ ప్రభుత్వంలో విదేశాంగ శాఖ పుచ్చుకున్న మాట నిజమే. కాని 1967లో స్వతంత్రకు వచ్చిన ఓట్లు 8.7 శాతం, సీట్లు 520లో 44. ఓట్లకు తగ్గ సీట్లే వచ్చాయి. పోయింది ఓట్లే: 1971లో మూడు శాతమే మిగిలాయి.

ఆ ఓట్లు పోవడానికి కారణం ఇందిరా గాంధీ పోరుకు ఎంచుకున్న స్థలం. ఆమె రైతు పట్టా జోలికి పోలేదు. 1969లో బ్యాంకుల జాతీయీకరణ, 1970లో మాజీ రాజులకు ప్రభుత్వం మాటిచ్చిన భరణాల రద్దు. స్వతంత్ర నాయకుడు ఆర్.సి. కూపర్ బ్యాంకుల కేసు గెలిచారు. రాజభరణాల రద్దు ఉత్తర్వునూ సుప్రీంకోర్టు కొట్టేసింది. మాటిచ్చాక ప్రభుత్వం తప్పకూడదు, ఆస్తి హక్కు రాజుకైనా రైతుకైనా ఒక్కటే అన్నది పార్టీ వాదం. తర్కంగా దాన్ని కాదనలేం. కాని గుంటూరు రైతు తన నాలుగెకరాలనూ మహారాజు భరణాన్నీ ఒకే తక్కెడలో ఎందుకు పెడతాడు? పట్టా పేరుతో మొదలైన పార్టీ భరణం దగ్గర నిలబడి ఓడింది. నా దృష్టిలో అసలు తప్పు అదే. 1971లో ఇతర ప్రతిపక్షాలతో కట్టిన మహాకూటమీ, 'ఇందిరా హటావో' నినాదమూ దాని తర్వాతివే.

1972 డిసెంబరులో రాజాజీ పోయారు. 1974లో పీలూ మోదీ పార్టీని చరణ్ సింగ్ భారతీయ లోక్‌దళ్‌లో కలిపారు. నాగపూర్‌లో సహకార సేద్యాన్ని నిలదీసింది ఆ చరణ్ సింగే, కాకపోతే కాంగ్రెస్‌ను వదలకుండా. రంగా తిరిగి కాంగ్రెస్ గూటికి చేరి, 1980 నుంచి మూడుసార్లు గుంటూరులో గెలిచారు. లైసెన్స్ రాజ్‌ను కూల్చే పని 1991లో పి.వి. నరసింహారావు చేతికి వచ్చింది. ముఖ్యమంత్రిగా 1972లో భూపరిమితికి పట్టుబట్టింది కూడా ఆయనే. ఇక ఇప్పుడెవరైనా స్వతంత్ర పేరుతో పార్టీ పెడదామనుకుంటే, 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి చేర్చిన 29ఎ సెక్షన్ ప్రకారం, ముందుగా సోషలిజానికి కట్టుబడతామని ఎన్నికల సంఘానికి రాసివ్వాలి.