పరుల చెవులపై పెత్తనము

మన యిండ్లలో నిత్యము జరుగు తగవులలో పాటను గూర్చిన తగవొకటి. కుమారుడు వినుచున్న పాట తండ్రికి గోల. తండ్రి వినుచున్న కచ్చేరి కుమారునికి నిద్రమందు. కోడలు వంటయింట కూనిరాగము తీసిన అత్తగారికి అమర్యాద. ఈ తగవు అల్పమైనదని పలువురు నవ్వి విడిచిపెట్టుదురు. నేను విడిచిపెట్టజాలను. ఏలయన, కూర బాగుగ లేదన్నవాడు కూరనే నిందించును. పాట బాగుగ లేదనువాడు మాత్రము తఱచుగా పాటను విడిచి, పాడినవారిని, విన్నవారిని, వారి పుట్టుకను, వారి పెంపకమును నిందించుచున్నాడు. ఇట్టి నిందకు విమర్శ యను గౌరవనామ మొకటి!

దీనికి విరుగుడుగా కొందఱు మఱియొక మాటను పట్టుకొనిరి. ఎవరి రుచి వారిది, దానిని గూర్చి ఎవ్వరును నోరెత్తరాదు, లోకము భిన్నరుచి గలదని కాళిదాస మహాకవియే చెప్పినాడు గదా యని వారి వాదము. కాళిదాసు చెప్పిన మాట నిజమే. అయితే ఎక్కడ చెప్పినాడో చూడవలదా? రఘువంశమున ఆరవ సర్గలో ఇందుమతీ స్వయంవరము జరుగుచున్నది. సునంద అంగరాజును కొనియాడినది. ఇందుమతి అతనిని దాటిపోయినది. అచ్చట కవి మూడు సంగతులు చెప్పినాడు. ఆ రాజు కోరదగనివాడు కాడు. ఆమెకు మంచిచెడ్డలు పరిశీలించుట తెలియకపోలేదు. అయినను లోకమున రుచులు వేఱు. మనవారు మొదటి రెండు సంగతులను మూటగట్టి అటుక మీద పెట్టి, మూడవదానిని మాత్రము చేత పుచ్చుకొని తిరుగుచున్నారు. వస్తువునందు గుణమున్నదా, చూచువారికి పరీక్షాశక్తి కలదా యని విచారించిన పిమ్మట మిగులు భేదమునకు రుచిభేదమని పేరు. విచారమే లేనిచోట మిగిలినది సోమరితనము.

కాబట్టి అభిరుచిని గూర్చి మాటాడనే కూడదను పక్షమును నేనంగీకరింపను. సహృదయు డెవడన్నప్పుడు, కావ్యములను పలుమారు పరిశీలించుట చేత అద్దమువలె తేటపడిన మనస్సు గలవాడని అభినవగుప్తుడు వివరించినాడు. తేటపడుట యనగా మొదట తేటగా లేదనియే గదా! అద్దమును తుడువవచ్చును, తుడుచుట ఒకరికొకరు నేర్పవచ్చును. ఆంగ్లమున హ్యూము 1757లో ప్రకటించిన వ్యాసములో, డాన్ క్విక్సోట్ కథనుండి తీసిన దృష్టాంత మొకటి కలదు. ఇద్దఱు బంధువులు ఒక పీపాలోని ద్రాక్షసారాయమును రుచిచూచిరి. ఒకడు మంచిదే కాని తోలువాసన తగులుచున్నదనెను. రెండవవాడు ఇనుపరుచి తగులుచున్నదనెను. చుట్టునున్నవారు ఇరువురను చూచి పకపక నవ్విరి. పీపా ఖాళీయైన పిదప అడుగున తోలుపట్టెతో కట్టిన తాళపుచెవి దొరకినది. ఆ యిద్దఱును సారాయమును గూర్చి మాటాడిరి, తాగినవారిని గూర్చి కాదు. తాగి చూచిన పిదప మాటాడిరి, అంతకు ముందు కాదు. ఈ రెండు నియమములను మన సంగీతవిమర్శకులలో ఎందఱు పాటించుచున్నారో పాఠకులే లెక్కపెట్టుకొందురు గాక.

హార్మోనియము సంగతి చూడుడు. ఈ వాద్యము మీద ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. దాని స్వరములు మెట్లుమెట్లుగా బిగించియుండును. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జారుటకు వీలులేదు. కావున గమకము దానిపై పలుకదు. తోడిరాగములోని గాంధారము నూగులాడవలసినది. హార్మోనియము పైన అది నిలువున పాతిన రాయివలె నిలుచును. ఇది వాద్యమును చేత పట్టి, చెవితో విని చేసిన విమర్శ. రవీంద్రనాథ టాగూరు కూడ ఆ పెట్టెను మెచ్చినవాడు కాడు. అయితే 1940లో ఆలిండియా రేడియోవారు చేసినది విమర్శ కాదు, బహిష్కారము. ముప్పదియేండ్లు గడచిన తరువాత, 1971లో గాని ఆ నిషేధము కొంత సడలలేదు. ఆ ముప్పదియేండ్లును మన తెలుగు పల్లెలలో ఏమి జరిగినది? రంగస్థలము పక్కన హార్మోనియము లేనిదే పద్యనాటకము లేచెడిది కాదు. తెల్లవాఱుదాక జనము కూర్చుండి వినెడివారు. వారి చెవులన్నియు చెడిపోయినవా? చెడిపోయినవనుకొన్నను, బాగుచేయువారు వారి నడుమ కూర్చుండి చెప్పవలసియుండెను గాని తలుపు మూసికొని తీర్మానములు చేయదగునా?

తలుపు తెఱచుకొని చెప్పినవారు లేకపోలేదు. బళ్ళారి రాఘవ నాటకములలో పద్యములను రాగములు సాగదీసి పాడుట తగదని వాదించినాడు. పాత్ర కుమిలి యేడ్వవలసిన తావున నటుడు ఆలాపనకు దిగిన యెడల రసము చచ్చునని ఆయన పక్షము. ఆ రాగములకే మురిసిపోవు జనుల యెదుట తాను రాగములేక నటించి చూపినాడు. వన్సుమోర్లకు అలవాటుపడిన ప్రేక్షకులను అలాగాజనమని తిట్టి ఊరకున్నవాడు కాడు. ఆయనతో ఏకీభవింపనివారు నేటికిని కలరు. నాకే కొంత భేదము కలదు, ఒక మంచి పద్యము గొంతెత్తి పాడగా విన్న సుఖమును నేను వదలుకొనలేను. అయినను అది విమర్శ యన్నచో కాదనువా రెవ్వరు?

1952లో కేంద్రప్రభుత్వమున సమాచార ప్రసారశాఖామాత్యుడైన కేస్కరుగారు దేశమునకంతకును అభిరుచి నేర్పబూనిరి. సినిమాపాట నీచమైనది, శాస్త్రీయసంగీతమే జాతికి తగినదని ఆయన దృఢవిశ్వాసము. ఆయన యేలుబడిలో రేడియోనుండి సినిమాపాట దాదాపు మాయమైపోయినది. శ్రోతలేమి చేసిరి? కర్ణాటక హిందుస్థానీ సంగీతములకు దాసోహమనిరా? లేదు. ముల్లు త్రిప్పి సిలోన్ రేడియో పట్టుకొనిరి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతిని స్థాపించి, వెళ్లగొట్టిన పాటను ప్రభుత్వమే పల్లకినెక్కించి లోనికి తెచ్చుకొన్నది. ఇందులో విచిత్రమేమన, పాతాళభైరవి 1951లోనిది, దేవదాసు 1953లోనిది, మాయాబజారు 1957లోనిది. ఆనాటి పెద్దలు సినిమాపాట యని చీదరించుకొన్న కాలమున పుట్టిన ఘంటసాల పాటలనే నేటి పెద్దలు స్వర్ణయుగమని కన్నీరు కార్చుచు వినుచున్నారు. వినుచునే, పక్కగదిలో పిల్లవాడు వినునది పాటయేనా యని కసరుచున్నారు. ఆ తాతగారు ఈ తండ్రిని కసరిన మాటలనే ఈ తండ్రి అక్షరము మార్చకుండ అప్పగించుచున్నాడు.

ఇంతవఱకు చెప్పినది నవ్వుకొనదగిన సంగతి. నవ్వరాని సంగతి ఇకముందున్నది.

కొన్నియేండ్ల క్రిందట ఒక పాఠశాలలో వార్షికోత్సవము జరిగినది. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తన అమ్మమ్మ నాట్లు వేయునపుడు పాడు పాటను పాడినది. శ్రుతి తప్పలేదు, లయ తప్పలేదు; ఊపిరి ఎక్కడ తీయవలయునో ఎవ్వరు నేర్పకుండనే ఆమెకు తెలిసియున్నది. అతిథిగా వచ్చిన పెద్దమనిషి తన ప్రసంగములో, పొలముగట్టున పాడుకొనునవి సభలో నేల, మంచి కీర్తన యొకటి నేర్పకపోయితిరా యని చిఱునవ్వుతో సెలవిచ్చెను. సభ నవ్వినది. ఆ బాలిక ఆ బడిలో మఱియొక యేడు చదివినది. ఎన్నిమారులడిగినను మరల పాడలేదు.

ఆ పెద్దమనిషి పాటను విమర్శించినాడా? ఆయన నోట రాగము రాలేదు, తాళము రాలేదు, సాహిత్యము రాలేదు. పొలముగట్టు మాత్రమే వచ్చినది. పొలముగట్టన్న మాటలో ఏ వాడ యున్నదో, ఏ కూలి యున్నదో ఆ సభలోనివా రందఱెఱుగుదురు. ఆ బాలిక అందఱికంటె బాగుగ నెఱుగును. డప్పు మోత మోటదనువారిని నేను చూచినాను. వారికి చర్మవాద్యములపై ద్వేషము లేదు, మృదంగమును పూజించుదురు. రెండును తోలే, రెండును దెబ్బయే. భేదమెక్కడ నున్నదో చెప్పుటకు సంగీతశాస్త్రము తిరుగవేయనక్కఱలేదు. పోనీ ఆ పెద్దమనిషి మెచ్చిన కీర్తనయైనను అంత మడిగట్టుకొని పుట్టినదా? ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషువారి బ్యాండుమెట్టులను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చి నోటుస్వరములు రచించినాడు. ఆయన తమ్ముడు బాలుస్వామి యూరపువారియొద్ద ఫిడేలు నేర్చినాడు. ఆ పరాయి వాద్యమే నేడు కచ్చేరిలో గాయకుని పక్కన పీట వేసికొని కూర్చున్నది. పున్నాగవరాళి, ఆనందభైరవివంటి రాగములకు జానపదగానముతో చుట్టఱికము కలదని శాస్త్రజ్ఞులే చెప్పుచున్నారు. ఆ మహనీయులకు లేని అంటు మనకెక్కడినుండి వచ్చినది?

ఈ అంటు నిలుకడ గలదియు కాదు. 2023 మార్చిలో నాటు నాటు పాటకు అమెరికాలో ఆస్కారు బహుమానము వచ్చినది. అంతకు ముందటి దినమువఱకు అట్టి పాటలను మాస్‌పాటలని ముక్కు విఱిచినవారు, మఱునాడు తెలుగుజాతి కీర్తిపతాక మెగసినదని పొంగిపోయిరి. పాట మారలేదు. వారి చెవులును మారలేదు. పరదేశమునుండి యోగ్యతాపత్రము వచ్చినది, అంతే.

సంస్కారపక్షమువారమైన మనము ఈ దోషమునుండి దూరముగా నున్నామని తలంతుమేమో! మన చరిత్రను కొంచెము విప్పి చూచుకొందము. వీరేశలింగము పంతులుగారి కాలమున భోగము మేళములపై మన పెద్దలు చేసిన పోరాటము న్యాయమైనది. ఆడుపిల్లలను గుళ్లకు ముడిపెట్టు దురాచారమును మద్రాసు ప్రభుత్వము 1947లో చట్టముచే మాన్పినది, అది మానవలసినదే. కాని ఆ చీపురుతోనే పాటను కూడ ఊడ్చివేసితిమి. క్షేత్రయ్య పదములను రెండువందల సంవత్సరములకు పైగా గొంతులో దాచి, ఏ పదము ఏ రాగములో ఏ నడకతో పాడవలయునో చెడకుండ మనకందిచ్చినది ఆ స్త్రీలే. మదరాసులో వీణ ధనమ్మాళ్ కుటుంబము లేకపోయిన ఆ పదములలో ఎన్ని మిగిలియుండునో! వారి జీవితములను చెఱచిన ఆచారమును నిందింపబోయి, వారి గొంతులోని కళను అశ్లీలమంటిమి. మేజువాణులు పెట్టించిన దొరలకు మర్యాద రవంతయు తగ్గలేదు. పాడినవారికి వీథిలో తలయెత్తు వీలు లేకపోయినది. కచ్చేరి చివర తుక్కడాలలో ఒక పదమునకు చోటు దొరకిన అదియే చాలునను స్థితి వచ్చినది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనమును అచ్చువేయించినప్పుడు ఆ గ్రంథమును నిషేధించిరి. 1947లోగాని ఆ నిషేధము తొలగలేదు. సిగ్గును మర్యాదయు స్త్రీలకు మాత్రమేనా, పురుషకవులకు లేవా యని ఆమె తన పీఠికలో అడిగిన ప్రశ్నకు ఆనాటి సంస్కర్తలు సరియైన జవాబు చెప్పలేకపోయిరి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి తన సొమ్ముతో గుడి కట్టించినదియు ఆ నాగరత్నమ్మయే యని, నేడు ఆరాధనోత్సవములలో కన్నులు మూసికొని తాళము వేయు మర్యాదస్థులకు జ్ఞాపకముండుగాక.

అట్లయిన ఏ పాటయైనను సరేయా యని కొందఱడుగుదురు. కాదు. స్త్రీని అంగడిసరుకుగా చూపు పాటను చూచి నేను మౌనము వహింపను; ఈ మాట, ఈ చరణము, ఈ కారణమున హీనమని వ్రేలుపెట్టి చూపుదును. క్షేత్రయ్య పదములోను శృంగారమే యున్నది గదా యందురు. ఉన్నది, అచ్చట నాయిక తన కోరికను తానే చెప్పుకొనుచున్నది, అలిగినది, దెప్పినది, తలుపు వేసినది. ఇచ్చట ఆమెకు నోరే లేదు. ఈ భేదమును పిల్లలకు వివరించి చెప్పినచో వారు వినుదురు. నా తరగతిలో వినినారు. ఇక లౌడుస్పీకరు సంగతి. అది రుచికి సంబంధించినది కానేకాదు, ఇరుగుపొరుగువారి నిద్రకు సంబంధించినది. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆఱు గంటలవఱకు బహిరంగస్థలములలో దానిని మ్రోగింపరాదని 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములలోనే కలదు. అందు సుప్రభాతమైన నేమి, చిందుపాటయైన నేమి, రెండును సమానమే.

నా ఆక్షేపణ అనుమానప్రమాణము మీద. పొగను బట్టి నిప్పును ఊహింతుము, పొగ యున్నచోట నిప్పుండునను వ్యాప్తి సిద్ధించియున్నది గనుక. ఫలాని పాట విన్నవాడు ఫలానివాడనుటకు వ్యాప్తి యెక్కడ సిద్ధించినది? తోడి విని లంచము తిన్నవారిని నేనెఱుగుదును. చిందుపాట వినుచు రాత్రియెల్ల రోగి మంచమువద్ద మేల్కొని కూర్చున్న కుఱ్ఱవానిని ఎఱుగుదును. ఇట్టి హేత్వాభాసమును తర్కసంగ్రహము చదువుకొను బాలుడైనను పట్టుకొనును. పెండ్లిచూపులలో మాత్రము పెద్దలకిది తట్టదు. పిల్ల ఒక కీర్తన పాడినది, కావున గుణవతి! పెండ్లియైన మఱునాటినుండి ఆ గొంతు వంటయింటి గడప దాటరాదు. కీర్తన మీద ప్రేమయే యున్నచో కోడలి చేత మరల పాడించుకొన్నవారు కొందఱైన కానరారా?

విమర్శింపక వదలినచో మనపిల్లలు త్యాగరాజు పేరైనను ఎఱుగక పోవుదురని ఒక మిత్రుడు నాతో వాదించినాడు. ఆయన కుమార్తె యెప్పుడును చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొనియే యుండునట. త్యాగరాజ కీర్తన యొకటి ఆమెతో కూర్చుండి ఎన్నడైన వినినారా యని అడిగితిని. తీరిక యెక్కడిదనెను. ఆమె వినునది యేమో తెలియునా యంటిని. ఏదో గోల, నాకు తెలియదనెను. తెలియనిదానిని గూర్చి పదునైదు నిమిషములు ధారాళముగా మాటాడినవారు తెలిసినదానికి పది నిమిషములు వెచ్చింపలేరా యంటిని. ఆయనకు కోపము వచ్చినది.

మా యింట ఆదివారము సాయంకాలము ఒక పద్ధతి పెట్టుకొన్నాము. ఇంటిలోని ప్రతివారును ఒక పాట వినిపింపవలయును. తక్కినవారు అది ముగియువఱకు నోరు మెదపరాదు. ముగిసిన పిదప పాటను గూర్చి యేమైనను అనవచ్చును, తెచ్చినవారిని గూర్చి మాత్రము ఏమియు అనరాదు. ఏడాది దాటినది. మా అబ్బాయికి రాగాలాపన యింకను దీర్ఘముగనే తోచుచున్నది. వాడు తెచ్చు పాటలలో నాకు మాటలు వినబడవు. వ్రాసి యిమ్మంటిని, వ్రాసి యిచ్చుచున్నాడు. మా అమ్మ ఎనుబదియేండ్ల వయస్సున, మేమెన్నడును విననివి, తిరుగలి పాటలు నాలుగు పాడినది. ఇన్నాళ్లు ఏల పాడలేదమ్మా యంటిని. మీరందఱు చదువుకొన్నవారు గదరా యన్నది.