పంపేవారు వేలమంది... చూసేవారు ఒక్కరు!

పత్రికాఫీసులో ఆదివారం విభాగానికి వచ్చే టపా ఎప్పుడైనా చూశారా? ఒకప్పుడు సంచుల కొద్దీ కథలు, కవితలు, జోకులు. ఇప్పుడవే ఈ-మెయిల్లో. ప్రతి కథకూ ఓ హామీపత్రం... 'ఇది నా సొంత రచన, దేనికీ అనువాదమో అనుకరణో కాదు' అని. తిప్పి పంపడానికి స్టాంపులు అంటించిన కవరు కూడా జతచేసేవారు. అన్నీ చదివి తేల్చాల్సింది మాత్రం డెస్కులోని ఇద్దరో ముగ్గురో. పంపినవారిది ఒకటే ప్రశ్న... 'నా కథ ఏమైంది?'

సరిగ్గా ఇదే ప్రశ్న కంప్యూటర్ల లోకంలో ఓ పెద్ద గొడవకు దారితీసింది. ఆనక ఓ గొప్ప ఆవిష్కరణకూ కారణమైంది.

మాసిక వేద్దాం రండి!

సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్‌కు మనిషి రాసిచ్చే ఆదేశాల చిట్టా. చాలా కంపెనీలు దాన్ని గుట్టుగా దాచుకుంటాయి. ఓపెన్ సోర్స్ వాళ్లు మాత్రం అందరి ముందూ పరిచేస్తారు. ఎవరైనా చదవొచ్చు, తప్పు కనిపిస్తే దిద్దొచ్చు. అలా దిద్దిన నాలుగు లైన్లనే 'ప్యాచ్' అంటారు. చిరిగిన చొక్కాకు అమ్మ వేసే మాసిక లాంటిదన్నమాట. ఆ మాసికను అసలు ప్రోగ్రాములో సరైన చోట అతికించే పనిముట్టును లారీ వాల్ అనే ప్రోగ్రామర్ 1985లోనే తయారుచేశాడు.

అతికించడం యంత్రం పని. అతికించాలా వద్దా అన్నది మాత్రం మనిషి తేల్చాలి. చిక్కంతా అక్కడే!

మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోనుందా? దాని అడుగున పనిచేసేది లినక్స్. హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో దాని గురించి బయటపెట్టాడు. సరదాకి చేస్తున్నానన్నాడు. ఆ సరదాకి ప్రపంచం నలుమూలల నుంచీ ప్యాచ్‌లు రావడం మొదలైంది. ఆయన ప్రతిదీ చదివి, నచ్చితే కలుపుకునేవాడు.

1998 వచ్చేసరికి ఆయనవల్ల కాలేదు. పంపిన ప్యాచ్‌కి ఔననీ లేదు, కాదనీ లేదు. జనం మళ్లీ మళ్లీ పంపడం, విసుక్కోవడం. ఆయనకూ చిరాకు. ఒక్క మనిషి ఇంత బరువు మోయలేడని తోటివారే తేల్చి చెప్పారు.

పోట్లాట నుంచి పుట్టిన గిట్

2002లో బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ సాయం తీసుకున్నాడు టోర్వాల్డ్స్. అది ఓ కంపెనీ సొత్తు. వీళ్లకు ఉచితంగా వాడుకోనిచ్చింది. 2005 ఏప్రిల్‌లో ఆ ఉచితం పోయింది. అప్పుడాయన ఏంచేశాడో తెలుసా? ఏప్రిల్ 3న కూర్చుని సొంతంగా ఓ పనిముట్టు రాయడం మొదలుపెట్టాడు. 7వ తేదీకల్లా అది తన మార్పుల లెక్క తానే రాసుకునే స్థితికొచ్చింది. దాని పేరే 'గిట్'. ఈరోజు హైదరాబాద్‌లో అయినా అమెరికాలో అయినా మనవాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరగానే నేర్చుకోక తప్పనిది అదే.

పనిముట్టుతో పాటు పద్ధతీ కుదిరింది. లినక్స్‌లో ఒక్కో భాగానికీ నిర్వాహకులున్నారు. ప్యాచ్ మొదట వాళ్లకు చేరుతుంది. వాళ్లు వడగట్టినదే పైకి వెళ్తుంది. తొమ్మిది, పది వారాలకో కొత్త లినక్స్ వస్తుంది. అందులో మొదటి రెండు వారాలే కొత్త సరుకుకు తలుపులు తెరుస్తారు. ఆ తర్వాతంతా తప్పులు దిద్దుకోవడమే.

మా హామీపత్రం లాంటిది వాళ్లకూ ఉందండోయ్! లినక్స్‌లో తమ సొత్తు కలిసిందంటూ 2003లో ఓ కంపెనీ కోర్టుకెక్కింది. దాంతో 2004 నుంచీ, ప్యాచ్ ఇచ్చే హక్కు తనకుందని పంపినవారు కింద పేరు రాయడం నియమమైంది. చేతులు మారిన ప్రతిచోటా మరో పేరు చేరుతుంది.

'వద్దు' అని చెప్పడం ఎలా?

ఉచితంగా చేసిపెడతామంటే వద్దంటారా అనిపిస్తుంది. కానీ ప్యాచ్ పంపినవారు తమ దారిన తాము వెళ్లిపోతారు. కలుపుకున్నవారు దాన్ని ఏళ్ల తరబడి మోయాలి. అది పాడైతే అర్ధరాత్రి లేచి బాగుచేయాల్సిందీ వాళ్లే. ఇంట్లోకి తెచ్చుకున్న కుక్కపిల్ల లాంటిది. ఉచితంగానే వస్తుంది, పోషణే మనది!

2020 అక్టోబరులో ఓ కంపెనీ, నాలుగు మార్పులు పంపినవారికి టీషర్టు ఇస్తానంది. ఇంకేముంది! వివరణ పేజీలో అక్కరలేని ఓ పదం ఇరికించి పంపినవాళ్లు కోకొల్లలు. ఆ చెత్త ఎత్తిపోయలేక నిర్వాహకులు తలలు పట్టుకున్నారు. కొద్దిరోజులకే నిబంధనలు మార్చాల్సొచ్చింది.

కాదనే తీరు కూడా ముఖ్యమే. నచ్చని ప్యాచ్ పంపినవాళ్లను టోర్వాల్డ్స్ ఘాటుగా తిట్టేవాడు. 2018 సెప్టెంబరులో ఆయనే క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పనికి దూరంగా ఉండి, తీరు మార్చుకుంటానన్నాడు.

అర సెకను కాపాడింది!

సరే, చూసేవారు అలిసిపోతే ఏమవుతుంది? ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న సాఫ్ట్‌వేర్ కథ వినండి. చాలా లినక్స్ కంప్యూటర్లలో ఉంటుందది. చాలా ఏళ్లు దాన్ని చూసుకున్నది ఒకే ఒక్కరు. జీతం లేదు. 2021 నుంచీ జియా టాన్ అనే పేరుతో ఒకరు బుద్ధిగా ప్యాచ్‌లు పంపసాగారు. 2022లో ముక్కూమొహం తెలియని మరికొందరు 'ఇంత ఆలస్యమా? వేరేవాళ్లకు అప్పగించు' అని ఆ నిర్వాహకుడిని సతాయించారు. తన మనసు బాగోలేదనీ, ఇది జీతం రాని పనేననీ ఆయన చెప్పుకున్నాడు. చివరికి జియా టాన్‌కే తాళాలు అందాయి.

2024 ఫిబ్రవరిలో కొత్త రూపం విడుదలైంది. లోపల దొంగదారి! కోట్ల కంప్యూటర్లలోకి చొరబడటానికి పన్నిన పన్నాగమది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు తన కంప్యూటర్లో లాగిన్ అర సెకను ఆలస్యమవడం వింతగా తోచింది. ఎందుకా అని తవ్వితే గుట్టు రట్టయింది. మార్చి 29న లోకానికి చెప్పాడు. అప్పటికి ఎక్కువగా పరీక్షల్లో ఉన్న రూపాల్లోకే అది చేరింది కాబట్టి బతికిపోయాం. జియా టాన్ ఎవరో ఇప్పటికీ తేలలేదు.

తప్పు ఆ అలసిన మనిషిదా? ఆ ప్రోగ్రామును ఉచితంగా వాడుకుంటూ, చూసే మనిషి ఒక్కడేనా అని అడగని లోకానిదా?

మీ ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ప్యాచ్ పంపుతామంటే సంతోషించండి. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలనీ, ఏం మార్చామో కాదు, ఎందుకు మార్చామో రాయాలనీ చెప్పండి. జవాబు ఆలస్యమైతే అలగొద్దనండి. ఇంకో మాట కూడా చెప్పండి. లినక్స్‌లో రాసినవారి పేరు కిందే, దాన్ని చదివి సరిచూసినవారి పేరు, తన కంప్యూటర్లో పరీక్షించినవారి పేరు కూడా వేస్తారు. సొంత ప్యాచ్ ఒకటి పంపేముందు ఎదుటివారిది ఒకటి పరీక్షించి చూడమనండి. అవతల ఒంటరిగా కూర్చున్న మనిషికి అంతకు మించిన సాయం లేదు!