అర సెంటీమీటరుకే హడలిపోవద్దు!

‘‘మొన్న అయిదు సెంటీమీటర్లన్నారు. ఇవాళ అయిదున్నర అంటున్నారు. గడ్డ పెరిగిపోతోందే అక్కా!’’ గర్భసంచిలో ఫైబ్రాయిడ్ ఉందని తెలిసిన ఏ ఇంట్లోనైనా ఇలాంటి మాట వినిపిస్తుంది. ఒక స్కాన్ మచిలీపట్నంలో, రెండోది గుడివాడలో. ‘తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది కదా’ అని పెద్దవాళ్ల సలహా.

ఆగండి. పెరిగింది గడ్డేనా, కొలతా?

ఈ ప్రశ్న మనకే ఎక్కువ అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం! అందరి విషయంలోనూ స్కాన్‌లోని అంకే కారణమని కాదు. కానీ ఆపరేషన్ మాట వచ్చినప్పుడు ఆ అంకె బరువెంతో తెలిసి ఉండాలి.

కొస ఎక్కడ పెట్టారు?

దివిసీమలో పొలం కొలిపించిన రైతుకు చెప్పక్కర్లేదు. గొలుసు అదే అయినా, కొస గట్టు మీద పెడితే ఒక లెక్క, గట్టు దిగువన పెడితే మరో లెక్క. స్కానింగ్‌లోనూ అంతే. తెర మీద గడ్డ అంచుకు గుర్తు పెట్టేది డాక్టరు చెయ్యే. అంచు మసగ్గా ఉంటే ఒకరు కాస్త లోపల పెడతారు, ఇంకొకరు కాస్త బయట. పొట్ట మీంచి చేసిన స్కాన్‌కీ, యోని మార్గంలో చేసినదానికీ కూడా తేడా రావచ్చు.

పొడవు, వెడల్పు, మందం మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 0.523తో హెచ్చవేస్తే గడ్డ పరిమాణం వస్తుంది. అన్ని వైపులా 5 సెంటీమీటర్లుంటే సుమారు 65 మిల్లీలీటర్లు. 5.5 అయితే 87! కొలతలో తేడా పది శాతమే. పరిమాణంలో మాత్రం 33 శాతం. గడ్డ అణువంతైనా పెరగకుండానే రిపోర్టులో మూడో వంతు పెరిగిపోవచ్చన్నమాట.

త్రీడీ అయితే సరిపోతుందా?

కొంతవరకే. సీటీ, ఎమ్మారై యంత్రాలు శరీరాన్ని పొరలు పొరలుగా చూపిస్తాయి. కంప్యూటరు వాటిని పేర్చి బొమ్మ కడుతుంది. పొర మందమైతే అంచు మసకబారుతుంది. కటి ఎముకల అంచులు సీటీలో స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి, ఒకే చోట గుర్తులు పెడితే ఇద్దరి కొలతలూ దగ్గరగా వస్తాయి. మెత్తటి భాగాలతోనే చిక్కు. మూత్రాశయం నిండితే గర్భసంచి వెనక్కి ఒరుగుతుంది. ముక్కితే కటి కింది కండరాల మధ్య సందు పెద్దదవుతుంది. త్రీడీ అల్ట్రాసౌండ్‌తో గడ్డ ఆకారం బాగా తెలుస్తుంది. అయినా దాని చుట్టూ గీత ఎక్కడ గీయాలో తేల్చడంలో మనిషి పాత్ర ఉంటుంది.

మరి కొలతను నమ్మేదెలా? 1986లో బ్రిటన్ గణాంక నిపుణులు మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ ‘లాన్సెట్’ పత్రికలో ఓ తేలికైన దారి చూపించారు. ఒకే మనిషిని రెండు రకాలుగా కొలిచి, తేడా ఎంత వస్తోందో చూడాలి. చాలామందిలో అలా చూస్తే, మామూలుగా ఎంత తేడా రావచ్చో తెలుస్తుంది. ఆ హద్దు దాటితేనే నిజమైన మార్పు అనుకోవాలి.

రిపోర్టు చేతికొచ్చాక...

* పాత రిపోర్టులే కాదు, ఫిల్ములూ దాచండి. కొత్త స్కాన్‌కు వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.
* వీలైతే అదే సెంటర్లో, అదే పద్ధతిలో చేయించుకోండి.
* ‘ఈ తేడా కొలతలో వచ్చేదేనా, నిజంగా పెరిగిందా?’ అని డాక్టరును అడగండి. అడగడం అమర్యాదేమీ కాదు.
* ఆపరేషన్ తప్ప వేరే వైద్యం ఉందా, కొన్నాళ్లు ఆగి చూడొచ్చా తెలుసుకోండి. అవసరమైతే మరో వైద్యుల అభిప్రాయం తీసుకోండి.

అనవసరంగా గర్భసంచి తీసేయకుండా కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లోగా అమల్లోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

అలాగని స్కాన్‌ను కొట్టిపారేయకూడదు. విపరీతంగా రక్తం పోతున్నా, నెలసరి ఆగిపోయాక మళ్లీ కనిపించినా, పొట్ట త్వరత్వరగా పెరుగుతున్నా అంకెల కోసం ఎదురుచూడకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.