మొదట కనిపించినదే నిజమా?

సికింద్రాబాద్ చిలకలగూడలో మా వీధిలోనే ఒక పెద్దాయన ఉంటారు. మేము ఆయనను చాచా అని పిలుస్తాము. గుంటూరులో బంధువుల పెళ్లికని ఫోనులో తీసుకున్న రైలు టికెట్లను ఏదో కారణం వల్ల రద్దు చేసుకున్నారు. తిరిగి రావలసినది 1,140 రూపాయలు. మూడు రోజులు గడిచినా డబ్బు ఖాతాలో పడలేదు. ఫోనులో మైకు బొమ్మ నొక్కి, నోటితో అడిగి వెతకడం చాచాకు ఆయన మనుమరాలు నేర్పింది. 'రైలు టికెట్టు పైసలు వాపసు నంబరు' అని అడిగారు. పైన కనిపించిన నంబరుకు ఫోన్ చేశారు. అవతలి వ్యక్తి సలాం చెప్పి, 'చాచా, మీరు ఫికర్ చేయకండి' అని ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఒక యాప్ పెట్టించాడు. అందులో కనిపించే అంకెలు చదివించుకున్నాడు. అరగంట తిరగకముందే మూడు విడతలుగా 64,000 రూపాయలు పోయాయి. అది చిన్న కూతురి పెళ్లికని కూడబెట్టిన సొమ్ము.

ఆ తర్వాత జరిగినది మమ్మల్ని మరింత బాధించింది. రెండు రోజులపాటు చాచా ఎవరితోనూ ఈ మాట అనలేదు. కూతురికి తెలిస్తే ఏమనుకుంటుందో, కొడుకు ఏమంటాడోనని లోలోపల కుమిలిపోయారు. మూడో రోజు అసర్ నమాజు తర్వాత మసీదు మెట్ల మీద కూర్చుని మాకు చెప్పారు. అప్పటికే ఆ డబ్బు ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది.

దీనిని ఒక ముసలాయన అమాయకత్వంగా కొట్టిపారేయడం తేలిక. కాని చాచా చేసినది మనమందరం రోజుకు పదిసార్లు చేస్తున్న పనే. ఒకప్పుడు రైలు సంగతి కావాలంటే సికింద్రాబాద్ స్టేషనులో విచారణ కిటికీ దగ్గర నిలబడేవాళ్లం. ఫోన్ నంబరు కావాలంటే లావుపాటి డైరెక్టరీ తిరగేసేవాళ్లం, లేదా 197కు ఫోన్ చేసేవాళ్లం. మందు గురించి కాంపౌండరును, మసలా గురించి మౌల్వీ సాబును, మంచి దర్జీ గురించి పక్కింటి ఖాలానూ అడిగేవాళ్లం. చెప్పినవాడెవడో తెలిసేది, తప్పు చెబితే మర్నాడు వెళ్లి నిలదీసే వీలుండేది. నేడు ఈ ప్రశ్నలన్నీ ఒకే గడిలోకి వెళుతున్నాయి. 2017 ఆగస్టులో గూగుల్ సంస్థ మాటలతో వెతికే సౌకర్యంలో తెలుగు, ఉర్దూలతో సహా ఎనిమిది భారతీయ భాషలను చేర్చింది. దానితో చదవడం, టైపు చేయడం రాని పెద్దలు కూడా అడగగలుగుతున్నారు. ఇది మేలే. అయితే అడగడం సులభమైనంతగా, వచ్చిన జవాబును తూచడం సులభం కాలేదు.

ఆ జవాబులు ఏ వరుసలో వస్తాయో కాస్త తెలుసుకోవాలి. సెర్చ్ ఇంజిన్ మనం అడిగిన క్షణంలో ప్రపంచమంతా తిరిగి వెతకదు. ముందుగానే కోట్లాది పుటలను చదివి, పుస్తకం చివర ఉండే పదసూచిక వంటిది తయారు చేసుకుని ఉంచుతుంది. మనం అడిగినప్పుడు ఆ సూచికలో చూసి ఒక లెక్క ప్రకారం వరుస పేరుస్తుంది. ఆ లెక్కను అల్గారిథం అంటారు. 9వ శతాబ్దంలో బగ్దాదులో పనిచేసిన గణిత శాస్త్రవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి ఈ మాట పుట్టింది. ఈ సంగతి చెప్పుకుని మురిసిపోయేవారు మనలో చాలామందే ఉన్నారు. నేడు ఆ లెక్క ఎలా నడుస్తున్నదో తెలుసుకోవాలనుకునేవారే తక్కువ.

1998లో అమెరికాలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు గూగుల్ సంస్థను స్థాపించారు. ఒక పుటను ఎన్ని ఇతర పుటలు పేర్కొంటున్నాయి, పేర్కొంటున్న పుటల స్థాయి ఏమిటి అన్నది వారి లెక్కకు మూలం. మదరసాలో చదివినవారికి ఈ మాట వినగానే ఇస్నాద్ గుర్తుకు రావచ్చు. ఎవరు చెప్పారు, ఆయనకు ఎవరు చెప్పారు అని గొలుసుకట్టుగా అడగడం మా ఉస్తాదులు మాకు మొదట నేర్పిన విద్య. కాని ఇక్కడ పెద్ద తేడా ఉంది. ఇస్నాద్‌లో చెప్పినవాడి నిజాయితీని, జ్ఞాపకశక్తిని పరీక్షిస్తారు. ఎంత పేరున్నవాడైనా అబద్ధమాడతాడని తేలితే అతని మాట స్వీకరించరు. పుటల లెక్కలో ప్రధానంగా తేలేది ప్రాచుర్యం. ఆ తర్వాతి సంవత్సరాలలో ఆ లెక్కలోకి ఇంకెన్నో అంశాలు వచ్చి చేరినా, ఏ యంత్రమూ ఫోన్ ఎత్తి 'ఈ నంబరు నిజంగా మీదేనా' అని అడిగి మనకు చెప్పదు.

పైగా అందరికంటే పైన కూర్చునేది చాలాసార్లు ప్రకటన. దాని పక్కన 'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరాలలో ఉంటుంది. అద్దాలు పెట్టుకోని కళ్లకు అది ఆనదు. 2023లో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు వచ్చిన ఆదాయంలో మూడు పాళ్లకు పైగా, అంటే రూపాయికి ముప్పావలాకు మించి, ప్రకటనలదే. వెతికేవాడి అవసరానికి, ప్రకటన ఇచ్చేవాడి అవసరానికి మధ్య కూర్చున్న సంస్థ ఎటు మొగ్గుతుందన్న అనుమానం మాకొక్కరికే కలిగినది కాదు. వెతుకులాట ఫలితాలలో పక్షపాతం చూపినందుకు 2018 ఫిబ్రవరిలో మన దేశపు కాంపిటీషన్ కమిషన్ ఆ సంస్థకు 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించింది. సెర్చ్ రంగంలో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకున్నదని 2024 ఆగస్టులో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం ఒకటి తీర్పు చెప్పింది. పెద్దల తగవులు కోర్టులు చూసుకుంటాయి. చాచా వంటివారి తగవు ఏ కోర్టు దాకా పోతుంది?

మోసగాళ్లు ఈ ఏర్పాటును బాగా చదువుకున్నారు. జనం ఏ మాటలతో వెతుకుతారో వారికి తెలుసు. రిఫండు, పార్సిలు, గ్యాసు, బ్యాంకు, కరెంటు బిల్లు, వీటి వెనుక 'కస్టమర్ కేర్ నంబరు' అని చేరుస్తారు. ఆ మాటలే నింపిన పుటలు తయారుచేసి వాటిలో తమ నంబరు పెడతారు. మరో దారి కూడా తొక్కారు. గూగుల్ మ్యాపులలో ఒక చోటు వివరాలు తప్పుగా ఉంటే దిద్దమని ఎవరైనా సూచించవచ్చు. ఈ వెసులుబాటును వాడుకుని బ్యాంకు శాఖల వివరాలలో మోసగాళ్లు తమ నంబర్లు చేర్చిన సంగతి 2018లో మహారాష్ట్రలో బయటపడింది. ఇక ఫోను తెరను అవతలివాడికి చూపించే యాప్‌ల విషయంలో రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. చాచా ఫోనులో దిగినది ఆ కోవకు చెందినదే.

డబ్బు పోని చోట కూడా ఇదే చిక్కు వేరే రూపంలో ఎదురవుతుంది. గత రంజానులో మా విద్యార్థి ఒకడు సహరీ వేళ ఫోనులో చూసి, మసీదు పట్టికలో ఉన్నదానికంటే పన్నెండు నిమిషాలు ఎక్కువగా ఉందని తెచ్చి చూపాడు. వాడి ఫోను అబద్ధం చెప్పలేదు. సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీల దిగువన ఉన్నప్పుడు ఫజర్ మొదలవుతుందని ఒక లెక్క, 15 డిగ్రీలని మరొక లెక్క ఉన్నాయి. ఉత్తర అమెరికాలో వాడే లెక్క ఈ రెండోది. వాడికి దొరికిన పట్టిక దాని ప్రకారం వేసినది. అసర్ విషయంలోనూ అంతే. హనఫీ పద్ధతికి, ఇతర పద్ధతులకు మధ్య మన ఊళ్లో సుమారు గంట తేడా వస్తుంది. ప్రశ్న అడిగినవాడు తాను ఏ మస్లక్ వాడో చెప్పలేదు, జవాబిచ్చిన యంత్రం తాను ఏ లెక్క వాడిందో చెప్పలేదు. ఇద్దరికీ మధ్య ఒక రోజా దెబ్బతినేది. షుగర్ ఉన్నవారు రోజాలో మందు ఎప్పుడు వేసుకోవాలని ఫోనును అడుగుతున్నారని విన్నప్పుడు మాకు భయం వేస్తుంది. అడిగినవారికి ఇన్సులిన్ ఎంత మోతాదో ఆ గడికి తెలియదు గదా.

ఇప్పుడు వరుస చూపడం పోయి, యంత్రమే నాలుగు వాక్యాలలో జవాబు రాసి పైన పెట్టడం వచ్చింది. 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో గూగుల్ దీనిని ప్రవేశపెట్టింది. అమెరికాలో మొదటి రోజులలోనే, పిజ్జా మీద చీజ్ జారకుండా కాస్త జిగురు కలపమని సలహా ఇచ్చి నవ్వులపాలైంది. ఎవరో ఎన్నడో వేళాకోళానికి రాసిన మాటను నిజమనుకుని ఎత్తి పెట్టింది. జిగురు సంగతి కనుక నవ్వుకున్నాం. పిల్లల జ్వరానికి మందు మోతాదులో అటువంటి పొరపాటు వస్తే?

ఇంతగా రాసినందుకు ఫోనును పిల్లల చేతి నుంచి లాగేయమంటున్నామని కొందరు పెద్దలు అనుకోవచ్చు. మా అభిప్రాయం అది కాదు. మా దగ్గర ఉర్దూ చదువుకున్న ఒక అమ్మాయి, 2015లో మన రాష్ట్రం మైనారిటీ విద్యార్థుల కోసం ప్రారంభించిన విదేశీ విద్యా స్కాలర్‌షిప్ గురించి తనంతట తానే వెతికి తెలుసుకుంది. ఆమె ఇంటి మగవారెవరికీ ఆ పథకం పేరు కూడా తెలియదు. అంతేకాదు, ఇంట్లో ఎవరినీ అడగలేని తమ ఆరోగ్య సంగతులను స్త్రీలు ఫోనును అడుగుతున్నారు. ఆ అడిగే హక్కు ఇంట్లో మనం ఇచ్చి ఉంటే వారికి ఫోనుతో అంత పని ఉండేదా అని మగవారు ఆలోచించాలి. చాచా రెండు రోజులు నోరు మూసుకుని కూర్చోవడానికి కారణం కూడా ఇదే. మన ఇళ్లలో తెలియక అడిగినవాడికి, తెలియక పోగొట్టుకున్నవాడికి మొదట దొరికేది తిట్టు.

ఆ తిట్టుకు భయపడి దాచిన ప్రతి గంటకూ ధర ఉంది. 1930 అనే నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే ఫిర్యాదు బ్యాంకులకు చేరి, డబ్బు ఇంకా ఎవరి ఖాతాలోనైనా నిలిచి ఉంటే అక్కడ ఆపగలుగుతారు. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు చేయవచ్చు. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాలలో, ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయినప్పుడు బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదని, తెలిపిన తర్వాత జరిగినది బ్యాంకుదని పేర్కొంది. బ్యాంకు నంబరు కావాలంటే అది పాసుపుస్తకం మీద, కార్డు వెనుక అచ్చయి ఉంటుంది. రైలు సంగతులకు 139 ఉంది. హజ్ దరఖాస్తు విషయమైతే నాంపల్లిలోని హజ్ హౌస్‌కు వెళ్లి మనిషిని అడగవచ్చు. వెతకవలసిన అవసరమే లేని వాటిని మనం వెతుకుతున్నాము.

మేము చాచాను వెంటబెట్టుకుని వెళ్లి ఫిర్యాదు రాయించాము. డబ్బు ఇంతవరకు రాలేదు. పెళ్లి ఆరు నెలలు వెనక్కి జరిగింది. చాచా ఇంట్లో గోడ మీది కాలెండరుపై మనుమరాలు పెద్ద అంకెలలో 1930 అని రాసి, దాని కింద 139 అని చేర్చింది. ఆ 1,140 రూపాయల సంగతంటారా? ఫోనులో కొన్న టికెట్టు రద్దు చేస్తే డబ్బు ఏ ఖాతా నుంచి వెళ్లిందో ఆ ఖాతాకే తనంతట తాను తిరిగి వస్తుంది. ఆ వారం గడవకముందే వచ్చి పడింది.