పైసల మెసేజ్ వస్తుంది, పరీక్ష మెసేజ్ ఎందుకు రాదు?

కాంటా అయిన వడ్ల పైసలు ఖాతాలో పడితే ఫోన్ మోగుతుంది. వాన కబురు, పురుగుమందుల ప్రచారం అన్నీ ఆ ఫోన్‌కే వస్తాయి. కానీ ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లు క్యాన్సర్ పరీక్షకు ఫలానా రోజు ఫలానా దవాఖానకు రావాలని మెసేజ్ వచ్చిన ఇల్లు మా ఊళ్లలో మాకు కనబడలేదు.

జబ్బు ముదిరాక జూబ్లీ బస్‌స్టేషన్‌లోనో, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లోనో దిగే అక్కచెల్లెళ్లకు తోడుగా మా సంఘం కార్యకర్తలం వెళ్తూనే ఉన్నాం. గడ్డ ఎప్పటి నుంచి ఉందని డాక్టర్ అడిగితే "నాట్లప్పటి నుంచి" అంటారు. అప్పటికి కోతలు కూడా అయిపోయి ఉంటాయి. ఆరోగ్యశ్రీ ఉన్నా పోయిన కూలి, బస్సు చార్జీలు, తోడున్న మనిషి తిండి ఖర్చు అప్పుగానే మిగులుతాయి.

ఊళ్లలో ఈ పరీక్షలు చేసే ఏర్పాటు లేకపోలేదు. ముప్పై దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. మన రాష్ట్రంలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలుపెట్టి ప్రతి మంగళవారం చూస్తామన్నారు. అయినా దేశంలో 30–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పరీక్ష ఉంది, పిలుపు లేదు.

ఫోన్‌ను ఈ పనికి వాడొచ్చని సికింద్రాబాద్‌లోనే చూశాం. కిమ్స్ డాక్టర్ పి. రఘురామ్ నడిపే ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2017లో రొమ్ము ఆరోగ్యంపై మొబైల్ యాప్ తెచ్చింది. అది తెలుగులోనూ ఉంది. అదే ఫౌండేషన్ అంతకుముందు 2012–16 మధ్య ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, తెలుగు నేల మీద సుమారు 4 వేల ఊళ్లలో 2 లక్షల మంది పేద మహిళలకు రొమ్ము పరీక్ష చేయించింది. యాప్ వెతుక్కున్నవారికే అందుతుంది. ఆరోగ్య కార్యకర్త మాత్రం గడప దగ్గరికే వస్తుంది. ఆ ఇద్దరినీ కలిపేది చిన్న మెసేజే.

అయితే ఎలాంటి మెసేజ్? మా ఇళ్లలో ఫోన్ నంబర్ ఎక్కువగా మగవాళ్లది. కాబట్టి ఆడవాళ్ల నంబర్ ఆశా కార్యకర్త వేరుగా రాసుకోవాలి. చదువురానివారికి తెలుగులో మాట వినిపించే కాల్ రావాలి. ఇంటిల్లిపాదీ చూసే ఫోన్‌లో జబ్బు పేరు రాయకుండా "ఆరోగ్య పరీక్ష" అంటే చాలు. లింకు ఉండొద్దు. లింకు నొక్కి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్లను చూసి మావాళ్లు దాన్ని ముట్టరు. రోజు, చోటు, మన ఆశా పేరు ఉంటే నమ్ముతారు. నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో పిలిస్తే కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. ఆ పనులు లేని రోజులు చూసి పిలవాలి.

మరో మాట. మెసేజ్ చూసి వచ్చిన మనిషిని "సిస్టర్ లేదు, మళ్లీ రా" అని పంపితే, రెండో మెసేజ్‌ను ఎవరూ చూడరు. పరీక్షలో అనుమానం ఉందంటే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి దాకా ఎలా వెళ్లాలో చెప్పి, మళ్లీ ఫోన్ చేసి కనుక్కునే మనిషి ఉండాలి. ఈ పనంతా ఆశా అక్కల నెత్తిన వేసి పైసా ఇవ్వకపోవడం అన్యాయం. వారికి దీనికి వేరుగా భత్యం ఇవ్వాలని డిమాండ్ చేస్తున్నాం.

మన వంతు కూడా ఉంది. మన సంఘం వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున లేస్తే మార్కెట్ ధరలు పెడుతున్నాం. ఇకనుంచి సోమవారం సాయంత్రం ఒక్క మాట చేర్చుదాం: "రేపు మంగళవారం. ఇంట్లో ఆడవాళ్లను దవాఖానకు పంపండి. ఆ పూట వంట, పశువులు మనం చూసుకుందాం."