హార్డెస్ట్ లెవెల్ అమ్మ

అర్ధసంవత్సర పరీక్షల్లో మావాడికి లెక్కల్లో మార్కులు బాగా తగ్గాయి. తొమ్మిదో తరగతి. మావారు పేపర్లు చూసి, "ఆ ఆట తీసిపారెయ్యి" అనేసి ఆఫీసుకి వెళ్ళిపోయారు. కంప్యూటర్లోంచి ఆట తియ్యడం నాకెక్కడొచ్చు? ల్యాప్‌టాప్ చార్జరు తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచాను.

సాయంత్రం వాడొచ్చి ఇల్లంతా వెతికాడు. చివరికి నా మొహం చూసి కనిపెట్టేశాడు. అరవలేదు, అలగలేదు. "నువ్వూ హార్డెస్ట్ లెవెల్ లాగే ఉన్నావమ్మా" అని గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు.

తిట్టాడని తెలిసింది గానీ ఏమని తిట్టాడో తెలియలేదు. రెండ్రోజులు నాతో అవునూ కాదూ తప్ప మాటల్లేవు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ నేనే అడిగాను, "హార్డెస్ట్ లెవెల్ అంటే ఏవిట్రా?" అని. అదిగో, అప్పుడు మొదలైంది నా చదువు.

వాడు ఆడేది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం. 1999లో వచ్చిందిట, 2019లో మళ్ళీ కొత్తగా ముస్తాబు చేశారుట. మధ్యయుగాల యుద్ధాలు. కొద్దిమంది పల్లెజనంతో మొదలుపెట్టి, తిండీ కలపా బంగారం రాయీ పోగుచేసి, ఇళ్ళు కట్టి, సైన్యాన్ని తయారుచేసి ఎదుటివాడి ఊరి మీదికి వెళ్ళాలి. ఏదీ ఊరికే రాదు. ఒక పల్లె మనిషి కావాలంటే యాభై పాళ్ళ తిండి, ఒక విలుకాడు కావాలంటే ఇరవై అయిదు పాళ్ళ కలపా నలభై అయిదు పాళ్ళ బంగారం. నెలాఖరు ఇల్లు నడిపేవాళ్ళకి ఈ ఆట చప్పున అర్థమౌతుంది.

ఎదురుగా స్నేహితులు లేనప్పుడు కంప్యూటరే ప్రత్యర్థి. సులువు నుంచి కష్టం దాకా దానికి మెట్లున్నాయి. మావాడి కోపమల్లా అక్కడే. 1999 నాటి ఆటలో అన్నిటికన్నా పై మెట్టు ఎక్కితే కంప్యూటర్‌కి తెలివి పెరగదుట. సరుకులు పెరుగుతాయిట! మనం చెమటోడ్చి పోగుచేసుకుంటుంటే దానికి అదనంగా ఉచితంగా వచ్చి పడతాయి. ఆడే తీరు మాత్రం అదే. ఈ ఒక్క ఆటే కాదు. సివిలైజేషన్ అని ఇంకొకటుంది, దాని ఆరో భాగంలో పై మెట్టు మీద మనకి ఊరు కట్టే బృందం ఒకటిస్తే కంప్యూటర్‌కి మూడిస్తారు.

"దానికి ఆలోచించడం రాదమ్మా. అందుకని బలం ఎక్కువిచ్చి గెలిపిస్తారు. నువ్వూ చార్జరు దాచావుగా!"

నాకు ముద్ద దిగలేదు.

సరే, పక్కన కూర్చుని ఆ ఆటేవిటో చూశాను. ఒక రోజు కాదు, వారం రోజులు. ఇప్పుడు నాకూ ఒక అభిప్రాయం ఏర్పడింది కాబట్టి రాస్తున్నాను. ఆటల గురించి నీకేం తెలుసు అనకండి. ప్రత్యర్థుల గురించి అత్తవారింట్లో ఇరవై ఏళ్ళుగా తెలుసుకుంటూనే ఉన్నాను.

ఆ పాత కంప్యూటర్ యుద్ధం ఎలా ఉంటుందంటే, కోట కింద బాణాలు కురుస్తుంటే ఒకడి తరవాత ఒకడు వచ్చి పడిపోతూనే ఉంటారు. ముందువాడు పడ్డాడని వెనకవాడికి పట్టదు. నాకు అభిమన్యుడు గుర్తొచ్చాడు. లోపలికి వెళ్ళడం వచ్చు, బయటికి రావడం రాదు. పాపం అభిమన్యుడు పసివాడు. ఇది నిన్న పడిన చోటే ఇవాళా పడుతుంది. ఆట ముగిసిందంటే దానికి ఏమీ గుర్తుండదు.

చరిత్రలో ప్రత్యర్థులు అలా ఉన్నారా? ఈ ఆటలోనే పృథ్వీరాజు కథ కూడా ఉంది. 1191లో తరాయిన్ దగ్గర పృథ్వీరాజు చేతిలో ఘోరీ ఓడిపోయి గాయాలతో వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది అదే చోటికి వచ్చాడు గానీ అదే యుద్ధం చెయ్యలేదు. గుర్రాల మీది విలుకాళ్ళని జట్లుగా చేసి, దగ్గరికొస్తే తప్పుకుంటూ, మళ్ళీ వచ్చి కొడుతూ, పృథ్వీరాజు సేన అలిసిపోయేదాకా ఆగి, అప్పుడు దాచిపెట్టిన తాజా సైన్యాన్ని దింపాడు. 1223లో కల్కా నది దగ్గర మంగోలులూ అంతే. పారిపోతున్నట్టు నటిస్తూ రోజుల తరబడి వెనక్కి తగ్గి, తరుముకొచ్చిన రష్యన్ రాజుల సేనలు చెదిరాక ఒక్కసారి తిరగబడ్డారు. చరిత్ర ఆట అని పేరు పెట్టుకున్నాక, వెనకడుగు వెయ్యడం తెలియని ప్రత్యర్థిని కూర్చోబెడితే అందులో బట్టలూ భవనాలే చరిత్ర. బుద్ధి చరిత్ర కాదు.

అదృష్టం ఏవిటంటే, ఈ ఆటలో కంప్యూటర్ బుద్ధిని మనమే రాసి మార్చుకోవచ్చు. మామూలు అక్షరాల ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అందులో అన్నీ నియమాలు. పైన "ఇలా ఉంటే", మధ్యలో ఒక బాణం గుర్తు, కింద "ఇలా చెయ్యి". చూడగానే బీఏలో చదివిన బాలవ్యాకరణం గుర్తొచ్చింది. ఫలానా దాని తరవాత ఫలానాది వస్తే ఫలానా సంధి. నా డిగ్రీ ఇన్నాళ్ళకి ఇక్కడ పనికొచ్చిందని వాడితో అంటే పడీ పడీ నవ్వాడు. రెండ్రోజుల మౌనం తరవాత మొదటి నవ్వు.

మావాడు ముందు ఒక నియమం రాశాడు: పదిహేను మంది పోగయ్యేదాకా బయల్దేరకు. అది బాగానే పనిచేసింది. రెండోది: చనిపోయేవాళ్ళు ఎక్కువైతే వెనక్కి వచ్చెయ్యి. ఇక్కడ తమాషా అయింది. సైన్యం వెనక్కొచ్చి, నలుగురు కొత్తవాళ్ళు చేరగానే మళ్ళీ బయల్దేరి, ఇద్దరు పడగానే మళ్ళీ తిరిగొచ్చి, గడప దగ్గర పిల్లి లాగా లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది. "వెనక్కొచ్చాక కాసేపు కూర్చోవద్దట్రా? ఎందుకోడిపోయావో చూసుకోవద్దూ?" అన్నాను. వాడు ఆలోచించి, వెనక్కి వస్తే కొన్ని నిమిషాలు కదలకూడదని, ఈలోగా ఎదుటివాడి దగ్గర గుర్రాలెక్కువ కనిపిస్తే బల్లేలవాళ్ళని పెంచుకోవాలని రాశాడు.

మూడోది నేను చెప్పింది. వ్యాకరణంలో నిత్యం అని ఉంటుంది, వైకల్పికం అనీ ఉంటుంది. సంధి జరిగినా జరగొచ్చు, జరక్కపోనూవచ్చు. నీ కంప్యూటర్‌కి అన్నీ నిత్యాలే, అందుకే తేలిగ్గా దొరికిపోతోంది అన్నాను. చీటీ తీసినట్టు ఒక అంకె తీసుకుని దాన్నిబట్టి ఎత్తు మార్చుకునే ఏర్పాటు కూడా ఆ భాషలో ఉందిట. ఇప్పుడు ఒకసారి తొందరగా మీద పడుతుంది, ఒకసారి గోడలు కట్టుకుని కూర్చుంటుంది. ఏది చేస్తుందో రాసినవాడికే ముందు తెలియదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటుంది. ఎదుటివాడి సైన్యం ఎంతో అడిగే ప్రశ్న ఆ భాషలో రెండు రకాలుగా ఉంది. ఒకటి, వేగులు వెళ్ళి చూసినంతవరకే చెప్పేది. రెండోది చీకట్లో దాగినవాటిని కూడా దొంగచాటుగా లెక్కపెట్టేది. ఈ దొంగ ఆజ్ఞలన్నీ సీసీ అనే అక్షరాలతో మొదలౌతాయి. ఉచితంగా సరుకులు పోసేది కూడా అందులోదే. అది వాడితే పని సులువు. మావాడు వాడలేదు. "అలా గెలిస్తే అది గెలిచినట్టు కాదు" అన్నాడు.

వాడి స్కూలు బ్యాగు నేను ఎన్నిసార్లు వెతికానో అప్పుడు గుర్తొచ్చింది.

బలం ఎక్కువుండటమే తప్పా అని మీరడగొచ్చు. కాదు. మా మామయ్యగారు వీడితో పులిమేక ఆడేవారు. మూడు పులులు, పదిహేను మేకలు. ఎక్కడా సమానం కాదు. కానీ ఆ తేడా పలక మీద ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటుంది, రెండో ఆటకి పులులు మారతాయి. దాచిపెట్టిన బలమే తప్పు. అలాగని, మనవడు మురిసిపోవాలని ఆయన కావాలని ఓడిపోయిన రోజులూ ఉన్నాయి. ఏడేళ్ళ వయసులో అది కనిపెట్టిన రోజున వీడు పలక పక్కన పడేశాడు. ఊరికే గెలిపించినా పిల్లలకి మనం ఇవ్వాల్సినంత మర్యాద ఇవ్వనట్టే.

చేతివేగాన్ని చూసి కూడా నేను మోసపోను. కంప్యూటర్ ఒకే క్షణంలో పదిచోట్ల సైనికుల్ని కదిలించగలదు. రెండు చేతుల మనిషికి అది సాధ్యం కాదు. అలా గెలిచినా అది బుద్ధిబలం అనిపించుకోదు. దాని చేతులు కాస్త కట్టేసి, చూసి నేర్చుకోవడం, తగ్గడం, దారి మార్చడం నేర్పాలి. కొత్త ఆటలో పై మెట్టున కూడా ఉచిత సరుకులు లేకుండా ఆడే ప్రత్యర్థిని పెట్టారుట. అంటే ఇది అయ్యే పనే. ఆట చేసేవాళ్ళు కష్టపడాలంతే.

మనమూ అంతే. పిల్లలకి ఇంట్లో మొదటి ప్రత్యర్థులం మనమే. వాళ్ళు వాదన నేర్చుకునేది మనతోనే. జవాబు తోచనప్పుడల్లా చార్జరు దాచేస్తే, వాళ్ళు నేర్చుకునేది చార్జరు ఎక్కడ దాస్తామో కనిపెట్టడం ఒక్కటే.

మొన్న ఆదివారం వాడితో కూర్చుని మాట్లాడాను. లెక్కలు ముందు, ఆట తరవాత అన్నాను. రోజూ గంటన్నర కావాలన్నాడు. ముప్పావుగంట అన్నాను. వాడు తన లెక్కలు చెప్పాడు, నేను నావి చెప్పాను. చదువున్న రోజుల్లో గంట, సెలవుల్లో రెండు, వారం వారం లెక్కల పుస్తకం నాకు చూపించడం. ఒకచోట నేను తగ్గాను. మార్కులు పెరుగుతాయో లేదో చూడాలి. మావారికి మాత్రం ఇంకా నమ్మకం కుదర్లేదు.

నిన్న రాత్రి వంటింట్లో ఉంటే గదిలోంచి కేక వినిపించింది. వాడు రాసిన కంప్యూటర్ వాడి మీదికి వచ్చి, వెనక్కి తగ్గి, బల్లేలవాళ్ళతో మళ్ళీ వచ్చి ఊరు కూల్చేసిందిట.

"అమ్మా, ఓడిపోయానే!" అని గెంతుతున్నాడు.

చార్జరు బియ్యం డబ్బాలోంచి ఎప్పుడో తీసేశాను లెండి.