పద్మశ్రీ వచ్చాక విన్నాం

పిల్లలూ, మాకిది ఐదో బడి. బదిలీ అయిన ప్రతిసారీ లారీలోకి సామాను ఎక్కిస్తూ, ఆ ఊళ్ళో చూడకుండా మిగిలిపోయినవి లెక్కపెట్టుకుంటాం. తెలంగాణలో ఉన్నన్నాళ్ళూ "తర్వాత విందాంలే" అనుకుని వినకుండా వచ్చేసింది కిన్నెర.

దర్శనం మొగులయ్య గారిది పన్నెండు మెట్ల కిన్నెర. సొరకాయ బుర్రలు, పొడవాటి కర్ర, దాని మీద మైనంతో అతికించిన మెట్లు. దానిమీద పండుగ సాయన్న కథ పాడతారాయన. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి పాడారు. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆ గొంతు వినిపించాకే మనలో చాలామంది "ఎవరీయన?" అన్నాం. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే పాలమూరు వైపు నుంచి, నారాయణపేట జిల్లా దామరగిద్ద వాసి, బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి వచ్చింది. ఇద్దరూ జంట కళాకారులేం కారు. కానీ మేము క్లాసులో జంటగానే చెబుతాం. రెండూ కరెంటు అక్కర్లేని బుర్రల వాద్యాలు. ఇద్దరికీ గుర్తింపు వచ్చింది తల నెరిశాకే.

"ఆలస్యమైనా వచ్చింది కదా" అంటారు స్టాఫ్‌రూమ్‌లో. మాకు అంత తృప్తిగా లేదు. పద్మ పురస్కారంతో నగదు రాదు, పతకమూ పత్రమూ ఇస్తారు. మొగులయ్య గారికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది, సంతోషమే. అయినా 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారని పత్రికల్లో చదివాం. డబ్బు ఎంతిచ్చినా ఖర్చయిపోతుంది. ఆయనకు నేర్పే పని ఇచ్చి ఉంటే నెలనెలా జీతమూ వచ్చేది, పదిమందికి ఆ మెట్లూ తెలిసేవి.

మన బళ్ళలో ఏ ఊరు వెళ్ళినా మ్యూజిక్ రూమ్‌లో అదే హార్మోనియం, అదే తబలా, అదే కీబోర్డు. బదిలీ పిల్లలకు అది మంచిదే, పాఠం ఆగదు. కానీ ఊరి వాద్యం ప్రహరీ గోడ బయటే ఉండిపోతోంది. వార్షికోత్సవానికి డీజే బాక్సులు మాత్రం లోపలికి వస్తాయి! జానపద కళాకారుణ్ణి ఎప్పుడైనా పిలిచినా, శాలువా కప్పి, ఫొటో తీసుకుని పంపేస్తాం. అలా కాదు, మాస్టారుగా పిలవాలి. వారానికి రెండు పీరియడ్లు, ఒక నెలపాటు, కూలికి తక్కువ కాకుండా డబ్బిచ్చి.

అలా పిలుద్దామని ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు పెట్టాం. "ఎవరిని పిలుద్దాం?" అని అడిగారు. ఈ ఊరికి మేమూ కొత్తే, చెప్పలేకపోయాం. మీ వీధిలోనో, సంతలోనో, రైల్వే స్టేషన్ దగ్గరో ఎవరైనా వాయిస్తూ కనిపిస్తే పేరు, ఊరు అడిగి రాసుకుని రండి. 'ఆయన', 'ఆవిడ' అని మర్యాదగా రాయండి.